పాత ఆటబొమ్మకు కొత్త మెదడు: మైక్రోకంట్రోలరుతో బొమ్మలను మార్చుకునే పద్ధతి

బ్యాటరీతో నడిచే బొమ్మ మూగబోతే, లేదా పిల్లలకు దాని మీద విసుగు పుడితే, చాలా ఇళ్ళల్లో అది అటక మీదికి పోతుంది. లోపల చూస్తే స్పీకరు, మోటారు, బటన్లు, బ్యాటరీ డబ్బా చాలావరకు బాగానే ఉంటాయి. మార్చలేనిది ఒక్కటే, ఫ్యాక్టరీలో వేసిన చిప్పు. ఆ చిప్పు స్థానంలో మనం రాసిన ప్రోగ్రాము నడిపే చిన్న మైక్రోకంట్రోలరు బోర్డు పెట్టుకుంటే, అదే బొమ్మ మనం చెప్పినట్టు ఆడుతుంది, మన మాట మాట్లాడుతుంది. ఆరో తరగతి, ఆపై తరగతుల పిల్లలు పెద్దవాళ్ళ తోడుతో చేయగలిగిన పని ఇది. ఎలా చేయాలో, ఎక్కడ ఆగాలో ఈ వ్యాసంలో చూద్దాం.

బొమ్మ లోపల ఏముంటుంది?

మాట్లాడే బొమ్మను విప్పితే చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద గుండ్రంగా గట్టిపడిన నల్లటి జిగురు బొట్టు కనిపిస్తుంది. బొమ్మ చిప్పు ఆ బొట్టు కింద ఉంటుంది. బొమ్మ పలికే మాటలన్నీ తయారీ సమయంలోనే అందులో నిక్షిప్తమై ఉంటాయి. వాటిని తుడిచి కొత్తవి రాయడం సాధారణంగా కుదరదు. కొన్న బొమ్మ ఇంగ్లీషులో ఏ, బీ, సీ, డీలు మాత్రమే చెబుతుంటే మనం ఎన్ని బటన్లు నొక్కినా అది తెలుగు పలకకపోవడానికి కారణం ఇదే.

మాట్లాడే బొమ్మల చరిత్రలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1978లో తెచ్చిన స్పీక్ అండ్ స్పెల్‌ది ముఖ్యమైన స్థానం. అక్షరక్రమం నేర్పే ఆ యంత్రం ఒక చిప్పు సాయంతో మనిషి గొంతును కృత్రిమంగా పలికించింది. 1998లో టైగర్ ఎలక్ట్రానిక్స్ తెచ్చిన ఫర్బీ బొమ్మలో కళ్ళు, చెవులు, నోరు అన్నిటినీ కదిపేది ఒకే ఒక మోటారు. వంకర అంచులున్న చక్రాలు తిరుగుతుంటే ఒక్కో చోట ఒక్కో భాగం కదులుతుంది. బొమ్మను విప్పి చూసినవాళ్ళకు ముందుగా దొరికే పాఠాలు ఇలాంటివే.

మైక్రోకంట్రోలరు అంటే

ఒకే చిప్పులో ప్రాసెసరు, మెమరీ, బయటి తీగలు కలిపే కాళ్ళు ఉండే చిన్న కంప్యూటరే మైక్రోకంట్రోలరు. కంప్యూటరులో రాసిన ప్రోగ్రామును యూఎస్‌బీ తీగతో దానిలోకి ఎక్కిస్తే, తరువాత కంప్యూటరుతో పని లేకుండా అదే నడుస్తుంది. పిల్లలకు అనువైన బోర్డులు ఇవి:

- ఆర్డుయినో ఊనో, నానో: 2005లో ఇటలీలోని ఇవ్రియాలో విద్యార్థుల కోసం మొదలైన ఆర్డుయినో కుటుంబంలోనివి. ఎక్కువగా వాడే ఊనో రకంలో ఏటీమెగా328పీ చిప్పు ఉంటుంది. ప్రోగ్రాముకు 32 కిలోబైట్లు, పని మెమరీ 2 కిలోబైట్లు, 5 వోల్టులు. నానో చిన్నది కాబట్టి బొమ్మ కడుపులో పడుతుంది.
- మైక్రో:బిట్: బీబీసీ 2016లో బ్రిటన్ బడిపిల్లలకు ఉచితంగా పంచిన బోర్డు. బ్లాకులు జతచేసి ప్రోగ్రాము రాయవచ్చు. మొదటిసారి చేసేవాళ్ళకు ఇది సుళువు. 3 వోల్టుల మీద పనిచేస్తుంది.
- రాస్ప్‌బెర్రీ పై పీకో: 2021లో వచ్చింది. 3.3 వోల్టులది. దీని కాళ్ళకు 5 వోల్టులు తగిలిస్తే పాడైపోతుంది.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఆర్డుయినో నానోకి సంబంధించినవి.

కలిపే ముందు కొలవాలి

మల్టీమీటరు లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. రెండు సంగతులు ముందే తెలియాలి.

మొదటిది వోల్టేజి. మామూలు పెన్సిల్ సెల్ 1.5 వోల్టులు, కాబట్టి మూడు సెల్‌లకు 4.5, నాలుగింటికి 6. నానో బోర్డు మీద 5 వోల్టుల కాలుకు 6 వోల్టులు ఇవ్వకూడదు. మూడు సెల్‌లైతే పరవాలేదు. కానీ సెల్‌లు కలిపి ఉన్నప్పుడు యూఎస్‌బీ తీగ పెట్టవద్దు, ఒకసారి ఒక్క దారినే కరెంటు రావాలి.

రెండోది కరెంటు. ఆర్డుయినో కాలు 20 మిల్లీఆంపియర్లు ఇస్తే చాలనుకోవాలి. 40 దాటితే చిప్పు దెబ్బతినవచ్చు. ఎల్‌ఈడీకి ఇది చాలు. బొమ్మ మోటారుకు మాత్రం మామూలుగా తిరిగేటప్పుడే వంద మిల్లీఆంపియర్లు, అంతకంటే ఎక్కువ కావాలి. చక్రం ఇరుక్కుంటే దానికి చాలా రెట్లు లాగుతుంది. అందుకే మోటారును బోర్డు కాలికి నేరుగా కలపకూడదు.

ఒక ఉదాహరణ: పొడుపుకథల బొమ్మ

బటన్ నొక్కితే బొమ్మ ఒక పొడుపుకథ వేస్తుంది. పిల్లలు ఆలోచించుకుని మళ్ళీ నొక్కితే విడుపు చెబుతుంది. మూడోసారి నొక్కితే ఇంకో పొడుపుకథ. ఇప్పుడు ఏ ప్రశ్న అడిగానో, జవాబు చెప్పానో లేదో బొమ్మ గుర్తుపెట్టుకోవాలి. మైక్రోకంట్రోలరు అవసరం ఇక్కడే. ఒక్క మాట మాత్రమే పలికితే చాలనుకుంటే అది లేకుండానే పని జరుగుతుంది.

కావలసినవి: గొంతు పోయిన బొమ్మ, ఆర్డుయినో నానో, డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే పాటల మాడ్యూలు, చిన్న మెమరీ కార్డు, వెయ్యి ఓముల రెసిస్టరు ఒకటి, మూడు సెల్‌ల డబ్బా, తీగలు.

పాటల మాడ్యూలు ఎందుకు? ఫోనులో వినిపించేంత నాణ్యతతో మాట దాచాలన్నా సెకనుకు దాదాపు 8 కిలోబైట్లు కావాలి. నానోలో ఉన్న 32 కిలోబైట్లూ వాడేసినా నాలుగు సెకన్లకు మించి పట్టదు. మాడ్యూలైతే మెమరీ కార్డు నుంచి ఎంపీ3 ఫైళ్ళు చదివి, స్పీకరును తానే మోగిస్తుంది.

1. సెల్‌లు తీసేసి, బొమ్మ కుట్టు విప్పి, స్క్రూలు తీయండి. ప్రతి దశలో ఫోనులో ఫోటో తీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు అవే దారి చూపుతాయి.

2. స్పీకరు తీగలను, బటన్ తీగలను పాత బోర్డు నుంచి విడదీయండి. పాత బోర్డును పక్కన పెట్టేయండి.

3. ఇంట్లో పెద్దవాళ్ళ గొంతులో ఇరవై పొడుపుకథలు, ఇరవై విడుపులు ఫోనులో రికార్డు చేయండి. కార్డులో ఎంపీ3 అనే ఫోల్డరు చేసి (పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి) ప్రశ్నలను 0001 నుంచి 0020 వరకు, జవాబులను 0101 నుంచి 0120 వరకు పేర్లు పెట్టి ఉంచండి. ప్రశ్న సంఖ్యకు వంద కలిపితే దాని జవాబు దొరుకుతుంది. ప్రోగ్రాము సుళువవుతుంది.

4. మాడ్యూలుకు, నానోకు ఒకే సెల్‌ల డబ్బా నుంచి కరెంటు ఇవ్వండి. నానో పదకొండో కాలు నుంచి మాడ్యూలు ఆర్‌ఎక్స్ కాలుకు వెళ్ళే తీగ మధ్యలో వెయ్యి ఓముల రెసిస్టరు పెట్టండి. అది లేకపోతే స్పీకరులో గరగరమని చప్పుడు వస్తుంది. మాడ్యూలు టీఎక్స్ కాలును నానో పదో కాలుకు కలపండి.

5. స్పీకరు రెండు తీగలను మాడ్యూలు మీద స్పీకరుకని గుర్తున్న రెండు కాళ్ళకే కలపండి. వాటిలో ఏదీ గ్రౌండుకు తగలకూడదు. బొమ్మ స్పీకరు చిన్నది కనుక 30 వరకు ఉండే శబ్దస్థాయిని 10 దగ్గర మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పెంచండి.

6. బటన్ ఒక తీగను రెండో కాలుకు, ఇంకోదాన్ని గ్రౌండుకు కలపండి. ప్రోగ్రాములో ఆ కాలును ఇన్‌పుట్ పుల్అప్ అని చెబితే, నొక్కనప్పుడు అది ఒకటిగా, నొక్కితే సున్నాగా చదువుతుంది. నొక్కిన క్షణంలో బటన్ లోపలి రేకు కొన్ని మిల్లీసెకన్లు అదురుతుంది. ఒక్క నొక్కును నాలుగైదుగా లెక్కపెట్టకుండా, మొదటి నొక్కు తరువాత 50 మిల్లీసెకన్లు ఆగమని రాయండి.

7. ప్రోగ్రాము వరుస ఇది: బటన్ నొక్కారా? జవాబు బాకీ ఉందా? ఉంటే ప్రశ్న సంఖ్యకు వంద కలిపి ఆ ఫైలు వినిపించు, బాకీ తీరిందని రాసుకో. లేకపోతే 1 నుంచి 20 లోపు ఒక సంఖ్య ఎంచుకుని ఆ ప్రశ్న వినిపించు, జవాబు బాకీ అని రాసుకో.

8. అన్నీ బల్ల మీదే కలిపి ఒకటి రెండు రోజులు ఆడించి చూడండి. సరిగా నడిచాకే టంకం వేసి, బొమ్మలో అమర్చి కుట్టేయండి.

మొదటిసారి ఆడించినప్పుడు ఒక వింత కనిపించవచ్చు. స్విచ్చి వేసిన ప్రతిసారీ ప్రశ్నలు అదే వరుసలో వస్తాయి. నానో ఎంచుకునే సంఖ్యలు ఒక లెక్క ప్రకారం వస్తాయి, ఆ లెక్క ప్రతిసారీ ఒకే చోట మొదలవుతుంది. ఏమీ కలపని అనలాగ్ కాలు మీద వచ్చే గజిబిజి విలువను మొదటి సంఖ్యగా ఇస్తే ప్రతిసారీ వరుస మారుతుంది.

ఈ బొమ్మను మన బడి పిల్లలకు సూచించడానికి ఒక కారణం ఉంది. అంగడిలో దొరికే మాట్లాడే బొమ్మ హోసూరు తెలుగు పలకదు, బరంపురం తెలుగు పలకదు. మన ఇళ్ళల్లో అవ్వలు, తాతలు వాడే మాటలు కొన్ని పాఠ్యపుస్తకాల్లోనూ కనిపించవు. వాళ్ళు ఎలా పలుకుతారో అలాగే రికార్డు చేయండి, దిద్దవద్దు. రెండో బటన్ పెడితే అదే పొడుపుకథ తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో కూడా వినిపించవచ్చు. పక్కింటి పిల్లలూ ఆడుకుంటారు.

కదిలే బొమ్మలు

రిమోటు పోయిన కారు ఈ పనికి బాగుంటుంది. మోటారుకు, బోర్డుకు మధ్య మోటారు డ్రైవరు ఉండాలి. బజారులో ఎక్కువగా దొరికే ఎల్298ఎన్ దాదాపు 2 వోల్టులు తానే మింగేస్తుంది. నాలుగు సెల్‌ల కారుకు దాన్ని పెడితే మోటారుకు నాలుగు వోల్టులే మిగిలి కారు నీరసంగా కదులుతుంది. చిన్న కార్లకు టీబీ6612 నయం. ఒకే వైపు తిరిగే మోటారైతే 2ఎన్2222 లాంటి ట్రాన్సిస్టరు చాలు. అప్పుడు మోటారుకు అడ్డంగా 1ఎన్4007 డయోడు తప్పక పెట్టాలి. మోటారు ఆగిన క్షణంలో అది తిరిగి పంపే వోల్టేజి దెబ్బను డయోడు కాచుకుంటుంది.

చేతులు సులువుగా కదపలేని పిల్లల కోసం

సెరిబ్రల్ పాల్సీ వంటి కారణాల వల్ల చిన్న బటన్ నొక్కలేని పిల్లలు ఉంటారు. బొమ్మ బటన్ రెండు కాళ్ళ నుంచి రెండు తీగలు తీసి, ఇయర్‌ఫోను పెట్టే 3.5 మిల్లీమీటర్ల జాక్‌కు కలిపితే, అరచేతితోనో మోచేతితోనో తలతోనో నొక్కగలిగే పెద్ద స్విచ్చిని దానికి తగిలించవచ్చు. పాత బటన్ కూడా పనిచేస్తూనే ఉంటుంది. దీనికి మైక్రోకంట్రోలరు అక్కరలేదు.

కొందరు పిల్లలు నొక్కగలరు కానీ నొక్కి పట్టుకోలేరు. చెయ్యి జారగానే బొమ్మ ఆగిపోతుంది. అక్కడ నానో పెట్టి, ఒక్క క్షణం తాకితే చాలు, పది సెకన్లు ఆడాలని రాయవచ్చు. పదా, ఇరవయ్యా అన్నది ఆ బిడ్డను చూసి నిర్ణయించుకోవచ్చు. నాలుగు వరుసల ప్రోగ్రాముతో ఒక బిడ్డ ఎవరి సాయమూ లేకుండా ఆడుకోగలుగుతుంది. సైన్సు ప్రాజెక్టుకు ఏం చేయాలా అని వెతికే పెద్ద తరగతుల పిల్లలు దీన్ని ముందుగా ఆలోచించండి.

తల్లిదండ్రులు గమనించవలసినవి

- గోడ ప్లగ్గులో పెట్టే బొమ్మలను, చార్జర్లను విప్పనివ్వవద్దు. సెల్‌లతో నడిచేవి మాత్రమే.
- ఫ్లాష్ ఉన్న పాత కెమెరాలు విప్పకూడదు. సెల్‌లు తీసేసినా ఫ్లాష్ కెపాసిటరులో దాదాపు 300 వోల్టులు నిలిచి ఉండవచ్చు.
- ఉబ్బిన లిథియం బ్యాటరీని గుచ్చడం, నొక్కడం, చార్జి చేయడం ప్రమాదం. మంటలు రేగుతాయి.
- గుండీ సెల్‌లు చిన్నపిల్లలకు అందకూడదు. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వాంతి చేయించవద్దు.
- సోల్డరింగ్ ఐరన్ కొన 300 డిగ్రీలు దాటుతుంది. పెద్దవాళ్ళు పక్కన ఉండాలి, కిటికీ తెరవాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. టంకంలో సీసం ఉండవచ్చు కనుక చేతులు కడుక్కున్నాకే తిండి.
- మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. మనం విప్పి మార్చిన బొమ్మకు ఆ గుర్తు ఇచ్చే భరోసా వర్తించదు. మూడేళ్ళలోపు పిల్లలకు అలాంటి బొమ్మ ఇవ్వవద్దు.

ఇంకొక మాట. మైకు, వైఫై ఉన్న బోర్డులు కూడా చవకగా దొరుకుతాయి. ఇంటర్నెట్‌కు కలిసి పిల్లల మాటలు వినే మై ఫ్రెండ్ కేలా అనే బొమ్మను 2017లో జర్మనీ నిషేధించింది, దాన్ని దాచిన నిఘా పరికరంగా లెక్కగట్టింది. పిల్లల గొంతు ఇల్లు దాటి పోకుండా ఉండాలంటే బొమ్మకు నెట్ కనెక్షన్ లేకపోవడమే మేలు. పొడుపుకథల బొమ్మకు దాని అవసరం లేదు.

సామాను, మిగిలిన చెత్త

విడి భాగాలు చెన్నైలో రిచ్చీ స్ట్రీటులో, బెంగళూరులో ఎస్.పి. రోడ్డులో, ముంబైలో లామింగ్టన్ రోడ్డులో, హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. అటల్ టింకరింగ్ ల్యాబు ఉన్న బడుల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలు ఇలాంటి బోర్డులతో పని నేర్చుకోవచ్చు.

బొమ్మ నుంచి తీసేసిన పాత బోర్డును, సెల్‌లను మామూలు చెత్తలో కలపవద్దు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల్లో ఎలక్ట్రానిక్ ఆటబొమ్మలు కూడా ఉన్నాయి. వాటిని విడిగా ఒక డబ్బాలో పోగుచేసి, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో ఇవ్వండి. మోటార్లు, పళ్ళచక్రాలు, స్పీకర్లు, స్ప్రింగులు మాత్రం దాచుకోండి. తరువాతి బొమ్మకు పనికొస్తాయి.