గేరు మార్చెడి చేయి

బస్సులో డ్రైవరు ప్రక్క సీటున కూర్చున్నవారు ఈ దృశ్యమును చూచియే యుందురు. డ్రైవరు ఎడమకాలితో క్లచ్చి నొక్కును. ఎడమచేతితో గేరు రాడ్డును కదల్చును. వెంటనే ఇంజను స్వరము మారును. ఈ చిన్న పనిని మనుష్యుని చేతినుండి తప్పించుటకు అమెరికా యంత్రశిల్పులు ఎన్నో యేండ్లు శ్రమించిరి. వింత యేమనగా, ఆ శ్రమ ఫలించిన పిమ్మట అచ్చటనే పాత పికప్ బండ్లు గలవారు కొందరు, ఆటోమేటిక్ పెట్టెను ఊడదీసి చేతిగేర్ల పెట్టెను బిగించుకొనుచున్నారు. ఇది వెనుకడుగా?

ఇంజను తగినంత వేగముగా తిరిగిననే గాని బలము నీయదు. ఆగిన బండిని కదల్చుటకు చక్రములు నెమ్మదిగా, బలముగా తిరుగవలెను. బాటపై పరుగిడునపుడు వేగముగా తిరుగవలెను. ఈ రెంటికి పొత్తు కుదుర్చునవే పండ్లచక్రములు. 1890 తరువాతి తొలి యేండ్లలో ఫ్రాన్సునందలి పనార్-లెవస్సార్ వారి బండ్లు ఈ మార్గము చూపెను. కాని నేర్పు చాలనివాని చేతిలో పండ్లు ఒరసికొని కీచుమనెడివి. 1928లో కాడిలాక్ సంస్థ, ఎర్ల్ థామ్సన్ రూపొందించిన సింక్రోమెష్‌ను ప్రవేశపెట్టెను. పండ్లు కలియుటకు ముందే రెండింటి వేగమును సమము చేయుట దాని పని.

అంతకు పూర్వమే, 1905లో, జర్మనీ దేశీయుడైన హెర్మాన్ ఫ్యోటింగర్ ద్రవముద్వారా శక్తిని అందించు సాధనమునకు పేటెంటు పొందెను. రెండు విసనకఱ్ఱలను ఎదురెదురుగా నుంచి ఒకదానిని త్రిప్పినచో, ఆ గాలికి రెండవదియు తిరుగును గదా! గాలికి బదులు చమురు, అంతియే భేదము. ఈ సూత్రముపై జనరల్ మోటార్స్ వారు నిర్మించిన హైడ్రామాటిక్, 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో వెలువడెను. యుద్ధకాలమున అది తేలిక టాంకులలోనికి సైతము ఎక్కెను. 1953లో ఫోర్డ్, 1954లో షెవ్రొలే పికప్ బండ్లకు ఆటోమేటిక్ పెట్టె లభించెను.

సుఖమునకు మూల్యము తప్పలేదు. చమురు జారుటలో కొంత శక్తి వేడిగా మారి వృథా యగును; పెట్రోలు ఖర్చు పెరుగును. 1960 నడిమి యేండ్లనుండి పెక్కు పెట్టెలలో వెనుక పంపు లేకుండ పోయెను. కావున బ్యాటరీ చచ్చినచో, నలుగురు కలిసి త్రోసినను ఆ బండి కదలి ఇంజను మేల్కొనదు. పెట్టె పాడైనచో ఆ విద్య తెలిసిన మేస్త్రీ కావలెను. పొలము బాటల తిరుగు బండికి ఇవి చిన్న కష్టములు గావు.

మార్పిడి కూడ సులభము కాదు. పలుచని రేకు చక్రమును తీసి బరువైన ఫ్లైవీలును, దానిపై క్లచ్చిని బిగింపవలెను. క్రాంకు షాఫ్టు కొనయందు పైలట్ బేరింగునకు సరియైన రంధ్రము కలదో లేదో ముందే చూడవలెను. కొన్ని ఆటోమేటిక్ బండ్లలో అది పూర్తిగా తొలిచి యుండదు. మూడవ పెడలునకు చోటు కావలెను. కొత్త పెట్టె పొడవును బట్టి ప్రొపెల్లర్ షాఫ్టును కుదించుటయో పెంచుటయో తప్పదు.

అన్నిటికంటె ముఖ్యము ఒక చిన్న తీగె. ఆటోమేటిక్ బండి గేరులో నున్నంతవరకు స్టార్టరు తిరుగకుండ ఒక స్విచ్చి ఆపును. పెట్టె మారునపుడు ఆ తీగెలను ఊరక కలిపివేయువారు కలరు. అట్టి బండి గేరులో నుండగా తాళపుచెవి త్రిప్పినచో ముందుకు దుముకును. ఎదుట బిడ్డ యున్నచో ఏమగును? క్లచ్చి పెడలునకు స్విచ్చి నమర్చి ఆ కాపలాను నిలుపవలెను.

నేటి ఆటోమేటిక్కులు పెట్రోలు పొదుపున చేతిగేర్లకు తీసిపోవు. అయినను పాతబండి యజమాని కోరునది వేరు: తాను విప్పి, తాను బిగించి, తానే మరమ్మతు చేసికొనగల యంత్రము. అది వెనుకడుగు కాదు. యంత్రము చేయి పట్టుకొని నడచు మనిషి, ఒకమారు తానే యంత్రము చేయి పట్టుకొని నడిపింప గోరుట మాత్రమే.