డిస్కు పేరు, డిస్కు చిరునామా

లినక్సులో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనేవి కెర్నల్ డిస్కులను కనిపెట్టిన వరుసలో ఇచ్చే పేర్లు. మళ్ళీ బూట్ చేస్తే ఆ వరుస మారవచ్చు. అందుకని యూడెవ్ 'బై-పాత్' డైరెక్టరీలో ఇంకో పేరూ పెడుతుంది: ఏ పీసీఐ కంట్రోలర్, అందులో ఎన్నో సాటా పోర్టు అని. ఇంటి నెంబరు లాంటిదన్నమాట. అద్దెకున్నవాళ్ళు మారినా నెంబరు మారదు. సొలారిస్ మీద పనిచేసిన వారికి సీ0టీ1డీ0 గుర్తుండే ఉంటుంది, అదీ ఈ బాపతే.

మా ఇంటి సర్వర్లో నాలుగు డిస్కుల రెయిడ్-5 ఉంది, పిల్లల ఫోటోలన్నీ అందులోనే. ఒక డిస్కు పోయినప్పుడు దాని బదులు పక్కనున్న మంచిదాన్ని లాగితే మొత్తం ఆగిపోతుంది. అందుకే ప్రతి బే మీదా పోర్టు నెంబరు చీటీ అంటించాను. మీరూ తీసేముందు 'బై-ఐడీ'లో కనిపించే సీరియల్ నెంబరును డిస్కు లేబుల్‌తో సరిచూసుకోండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో మాత్రం యూయూఐడీయే రాయండి. అది ఫైల్‌సిస్టంలోనే ఉంటుంది కనుక కేబుల్ వేరే పోర్టుకు మార్చినా ఇబ్బంది లేదు.