గుండ్లకమ్మలో దిగినవాళ్లు, జనాభా లెక్కల్లో తగ్గినవాళ్లు

1878 జులై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడ్డారు. వాళ్లు అలసిపోతే ఇంకో ఇద్దరు దిగారు. వచ్చినవాళ్లలో అత్యధికులు మాదిగలు. ఆ ఏడాది ముగిసేసరికి ఒంగోలు మిషన్‌లో బాప్తిస్మాల లెక్క తొమ్మిది వేలు దాటింది.

ఆ లెక్క చూసినవాళ్లకు వెంటనే ఒక మాట నోటికొచ్చింది: బువ్వ కోసం కలిశారు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ మాట తెలుగు క్రైస్తవుణ్ణి వదల్లేదు. అది తేలిగ్గా అనేసే మాట. అప్పుడు జరిగిందేమిటో చూస్తే అంత తేలిగ్గా అనలేం.

1876లో మొదలైన ధాత కరువు నెల్లూరు, గుంటూరు సీమల్ని ఊడ్చేసింది. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకున్నాడు. సంఘ బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. కూలికొచ్చిన జనం పగలు మట్టి మోశారు, పొద్దుగూకాక ఆ మేస్త్రీల చుట్టూ చేరి క్రీస్తు కబుర్లు విన్నారు. మతంలో కలుస్తామని గుంపులుగా వచ్చి అడిగారు. క్లౌ ఒప్పుకోలేదు. కూలి, తిండి చేతిలో పెట్టినంత కాలం, అంటే ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం నిలిచిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. గుండ్లకమ్మలో దిగింది ఆ జనమే. కరువు వాళ్లను మిషన్ గుమ్మం దాకా తెచ్చిందన్నది నిజం. కరువు పోయాక కూడా వాళ్లు ఆ గుమ్మం దగ్గర ఎందుకు నిలబడ్డారన్నదే నాకు అసలు ప్రశ్న.

జవాబు కోసం పన్నెండేళ్లు వెనక్కి వెళ్లాలి. 1866లో క్లౌ దగ్గర బాప్తిస్మం తీసుకున్న యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల బేరం చేసే మాదిగ. క్రీస్తు పేరు వినకముందే ఆయన గురువుల దగ్గర రాజయోగం నేర్చాడు, ఒక్కడే దేవుడని నమ్మాడు. బేరం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీ బోధ విన్నాడు. ఇంటికొచ్చి పెళ్లాంతో, బంధువులతో, పక్క పల్లెల వాళ్లతో తనే చెప్పడం మొదలుపెట్టాడు. క్లౌ భార్య ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ 1899లో ఆ పాత మాదిగల జీవితాల్ని పుస్తకంగా రాసింది. అందులో ఇలాంటి గురువులు, యోగులు, భక్తులు అడుగడుగునా కనిపిస్తారు. కాబట్టి ఈ కదలిక పుట్టిల్లు మిషన్ బంగళా కాదు, మాదిగపల్లె. దొరలు రాకముందే పల్లెలో వెతుకులాట ఉంది. పల్లెవాళ్లు వెతుకుతున్నదానికి దగ్గరగా ఉన్న మాటను దొర పట్టుకొచ్చాడు.

కలిసినవాళ్లకు క్లౌ పెట్టిన కట్టుబాట్లు మూడే: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. కాగితం మీద ఇవి మత నియమాలు. ఊళ్లో మాత్రం ఇవి తిరుగుబాటు. ఆదివారం పనికి రానంటే వెట్టి ఎగ్గొట్టడమే. జాతరలో డప్పు కొట్టనంటే ఊరి ఆచారాన్ని కాదనడమే. కరణాలు, మునసబులు ఊరుకోలేదు. కోమటి కొట్లో సరుకు పుట్టలేదు, పశువుల్ని బందెలదొడ్లో పెట్టారు, దొంగకేసులు బనాయించారు. కొందరు తట్టుకోలేక వెనక్కి వెళ్లిపోయారు. మతం విడిచినవాళ్ల చరిత్ర మొదలైంది ఇక్కడే. వాళ్లను పిరికివాళ్లనడానికి నాకు మనసొప్పదు. పిల్లలకు గింజ పుట్టనప్పుడు విశ్వాసం ఒక్కటే నిలబెట్టలేదు.

అదే ఒంగోలులో మిషన్ బడికి పై కులాల పిల్లలు వచ్చేవారు. మాదిగల్ని సంఘంలో చేర్చుకున్నారని తెలిశాక వాళ్లు మానేశారు. పక్కన ఎవరు కూర్చుంటారన్న దాన్ని బట్టి కూడా జనం ఒక మతానికి దూరమవుతారు.

పై కులాలవాళ్లు వచ్చిన దారి వేరు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడిలో చదువుకున్న కుర్రాళ్లు కొందరు, ఒక్కొక్కరుగా, పుస్తకం చదివి, వాదించి, నిర్ణయించుకుని బాప్తిస్మం తీసుకున్నారు. ఇంట్లో వాళ్లకు కర్మలు చేసేసినంత పని. ఆ వార్త ఊళ్లో పొక్కగానే బడి ఖాళీ అయ్యేది. ఇక కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి 1830లలోనే బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చినవాడు. మాదిగ పెద్ద కలిస్తే పల్లె కలిసేది. బ్రాహ్మణ కుర్రాడు కలిస్తే వెనకాల తలుపు మూసుకునేది. మొదటిదాన్ని గుంపు మతమని చులకన చేసి, రెండోదాన్ని నిజమైన మార్పని మెచ్చుకునే అలవాటు ఉంది. పల్లెలో పెళ్లి దగ్గర్నుంచి బావి దాకా అన్నీ పదిమందితో కూడినవే అయినప్పుడు, దేవుణ్ణి మాత్రం ఒంటరిగా ఎంచుకోవాలనడం న్యాయం కాదు.

ఈ వాదన మీద 1933లో మిషనరీ జె. డబ్ల్యూ. పికెట్ ఒక పెద్ద పరిశీలన అచ్చేశాడు. దేశంలో అనేక చోట్ల సామూహికంగా కలిసిన దాదాపు నాలుగు వేల మందిని కారణాలు అడిగించాడు. లౌకిక లాభం కోసమన్న జవాబులు సుమారు 8 శాతం. ఆత్మ సంబంధమైన కారణం చెప్పినవాళ్లు మూడో వంతు, క్రైస్తవ ఇంట పుట్టామన్నవాళ్లు మరో మూడో వంతు, మిగిలినవి సాంఘిక కారణాలు. అడిగింది మిషన్ మనుషులే గనుక ఆ లెక్కను కొంచెం జాగ్రత్తగా పట్టుకోవాలి. కానీ నాలుగు రకాల జవాబులు ఒకే మనిషిలో ఉండొచ్చన్నది మాత్రం గట్టి మాట.

చర్చి లోపల కులం చావలేదు. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు, కృష్ణా, గుంటూరు వైపు ఆంగ్లికన్, లూథరన్ సంఘాల్లో ఎక్కువగా మాలలు. ఇద్దరూ ఉన్నచోట చాలాసార్లు ప్రభు భోజనపు బల్లలు వేరు, పెద్దరికం కోసం పోట్లాటలు వేరు. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి. ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్; ఒక్క బల్ల దగ్గర అందరూ చేరాలని ఆయన పట్టుబట్టాడు. ఆ తర్వాత మిషన్ చర్చి మీద విసిగినవాళ్లు హిందూ మతంలోకే పోలేదు. సువార్తికుడు బక్త్ సింగ్ సహవాసాలకు, పెంతెకోస్తు సంఘాలకు వెళ్లారు. ఇవాళ పల్లెలో కొత్తగా వచ్చేవాళ్లను అడిగితే కాలువ, కరువు వినిపించవు. జ్వరం తగ్గిందంటారు, మొగుడు తాగుడు మానాడంటారు, ప్రార్థన కూడికలో తన పేరు పెట్టి ఎవరో ప్రార్థించారంటారు. చెప్పేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ.

మతం విడిచిపెట్టడంలో అన్నిటికన్నా పెద్ద పాత్ర ఒక ప్రభుత్వ ఉత్తర్వుది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. మతం మారిన దళితుడు మన దగ్గర బీసీ-సీ, వాటా 1 శాతం. దాంతో ఒకే ఇంట్లో చర్చి రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా లెక్కల్లో 1971లో క్రైస్తవులు 4.19 శాతం, 2011లో 1.34 శాతం. ఆ నలభై ఏళ్లలోనే ఊరూరా కొత్త ప్రార్థన మందిరాలు లేచాయి. అంటే ఈ తగ్గుదలలో ఎక్కువ భాగం విశ్వాసం విడిచినవాళ్లది కాదు, కాగితం మీద విడిచినవాళ్లదని నా నమ్మకం. కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో పై కులాల దాడుల్లో దెబ్బతిన్న దళిత కుటుంబాల్లో చర్చికి వెళ్లేవి ఎన్నో ఉన్నాయి. దాడి చేసినవాళ్లు మతం అడగలేదు, కులమే చూశారు. మతం మారితే కులం పోతుందన్న ఉత్తర్వు లెక్క ఆ రెండు ఊళ్లలో తప్పయింది.

2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ షెడ్యూల్డ్ కులాల హోదాను మతంతో ముడిపెట్టవద్దని సిఫారసు చేసింది. అది అమలు కాలేదు. 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె. జి. బాలకృష్ణన్ నాయకత్వంలో మరో కమిషన్ వేసి, మతం మారిన దళితుల స్థితిగతులు చూడమంది.