శస్త్రమా, బంధనమా? – భగ్నచికిత్సా చరిత్రలో ఒక వివేచన

ధర్మార్థకామమోక్షాలకు శరీరమే ప్రథమసాధనమని భావించిన మన పూర్వులు అస్థిసంధుల రక్షణను అల్పవిషయంగా ఎంచలేదు. నేడు కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, ఆదివారం నాడు షటిల్ కోర్టులో మోకాలు మెలిపడినవారు వైద్యుణ్ణి అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఆపరేషన్ తప్పదా, కట్టుతో తగ్గుతుందా?" ఈ ప్రశ్న అతిప్రాచీనమైనది. దానికి మన శాస్త్రం చెప్పిన సమాధానం నేటికీ మననయోగ్యం.

సుశ్రుతసంహిత నిదానస్థానంలో పంచదశాధ్యాయం భగ్ననిదానం. చికిత్సాస్థానంలో తృతీయాధ్యాయం భగ్నచికిత్స. సంధి తొలగడాన్ని సంధిముక్తమని, ఎముక విరగడాన్ని కాండభగ్నమని విభజించి, మొదటిదానిని ఆరు విధాలుగా, రెండవదానిని పన్నెండు విధాలుగా ఆచార్యుడు నిరూపించాడు. చికిత్సాక్రమం ఆంఛనం, పీడనం, సంక్షేపం, బంధనం. అనగా లాగడం, నొక్కడం, సరిగా కూర్చడం, కట్టడం. మేడి, రావి, మర్రి, మోదుగ, ఇప్ప, తెల్లమద్ది వంటి వృక్షాల పట్టలు, వెదురు దబ్బలు కట్టుకు ఆధారాలు. శీతకాలంలో ఏడు దినాలకు, సమకాలంలో ఐదు దినాలకు, ఉష్ణకాలంలో మూడు దినాలకు కట్టు మార్చాలన్నాడు. బంధనం శిథిలమైతే సంధి నిలవదు. అతిగాఢమైతే వాపు, నొప్పి, పాకం కలుగుతాయి. కనుక మధ్యమబంధనమే శ్రేష్ఠమన్నాడు.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉంది. తెగిన ముక్కును తిరిగి నిర్మించే శస్త్రకర్మను వర్ణించిన ఆ మహాశల్యవేత్త, విరిగిన ఎముక విషయంలో ప్రధానంగా హస్తకౌశలాన్నీ బంధనాన్నీ ఆశ్రయించాడు. శస్త్రం తెలియక కాదు. అస్థికి స్వయంగా అతుక్కునే శక్తి ఉన్నదని గుర్తించినందువలన. వైద్యుడు స్థానం సరిచేసి స్థైర్యం కల్పిస్తాడు. సంధానకార్యాన్ని ప్రకృతి నిర్వహిస్తుంది. బాల్యంలో ఒక మాసం, మధ్యవయస్సులో రెండు, వార్ధక్యంలో మూడు మాసాలని కాలనిర్ణయం కూడా చేశాడు. వంకరగా అతికిన ఎముకను మరల విరిచి సరిగా కూర్చమని చెప్పడంలో ఆయన నిర్మొహమాటం కనిపిస్తుంది.

తెలుగునాట ఈ కట్టువైద్యం నేటికీ జీవించి ఉంది. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు దబ్బలతో వేసే పుత్తూరు కట్టు కోసం రాష్ట్రాలు దాటి జనం వస్తారు. అయితే ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చినప్పుడు గాయానికి శుద్ధి, శస్త్రచికిత్స అనివార్యం. ఎక్కడ వేసిన కట్టైనా అతిగా బిగిస్తే రక్తప్రసరణ ఆగి అవయవానికే ప్రమాదం. సంప్రదాయగౌరవం ఈ జాగ్రత్తకు అడ్డు కారాదు.

పాశ్చాత్యదేశాలలో డచ్చి సైనికవైద్యుడు మాథిసెన్ 1852లో ప్లాస్టర్ కట్టును ప్రకటించాడు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొనడంతో, చేతిస్పర్శతో ఊహించిన భగ్నస్వరూపం కంటికి కనిపించింది. 1962లో జపాన్ వైద్యుడు వతనబే సన్నని దర్శనయంత్రం ద్వారా మోకాలిలోని చిరిగిన మృదులాస్థి భాగాన్ని తొలగించాడు. ఈ మార్గమే నేటి ఆర్థ్రోస్కోపీ.

అన్ని కణజాలాలకూ ఎముకకున్న స్వయంసంధానశక్తి లేదు. మోకాలి మధ్యనుండే ముందరి స్నాయువు సంధిద్రవంలో మునిగి ఉంటుంది. పూర్తిగా తెగితే దానంతట అది అతుక్కోవడం అరుదు. మెలికలు, గెంతులు అవసరమైన క్రీడాకారునికి రోగి సొంత స్నాయుభాగంతోనే దానిని పునర్నిర్మిస్తారు. అంతటి శ్రమ అవసరం లేనివారు చాలామంది కండరాలను దృఢపరచే వ్యాయామంతోనే స్థిరత్వం పొందగలరు. గాయం ఒకటే అయినా చికిత్స వ్యక్తిని బట్టి మారుతుంది. దీనినే ఆయుర్వేదం యుక్తి అన్నది.

దీనికి నిదర్శనాలు కొండాపూర్‌కు సమీపంలోనే ఉన్నాయి. పుల్లెల గోపీచంద్‌కు 1994లో మోకాలి స్నాయువు తెగి పలు శస్త్రచికిత్సలు జరిగాయి. 2001లో ఆయన ఆల్ ఇంగ్లాండ్ విజేత అయ్యాడు. 2008లో గచ్చిబౌలిలో ఆయన స్థాపించిన అకాడమీలో సాధన చేసిన సైనా నెహ్వాల్, 2016 రియో ఒలింపిక్స్ అనంతరం మోకాలికి శస్త్రచికిత్స చేయించుకొని, 2017 ప్రపంచపోటీలలో కాంస్యం గెలిచింది. పి.వి. సింధు పాదంలోని ఎముకకు 2022 కామన్వెల్త్ క్రీడల సమయంలో పగులు ఏర్పడింది. ఆమె స్వర్ణం గెలిచినా, ఆ వెంటనే వచ్చిన ప్రపంచపోటీల నుండి తప్పుకొని, నెలల విరామం తరువాత 2023 జనవరిలో మరల కోర్టులో అడుగుపెట్టింది. కొందరికి శస్త్రం, మరొకరికి విశ్రాంతి. ఓర్పు మాత్రం అందరికీ సమానం.

ఈ ఓర్పుకూ సుశ్రుతుడు క్రమం చెప్పాడు. నయమైన చేతితో ముందు మట్టిముద్దను, పిమ్మట ఉప్పుగడ్డను, బలం చేకూరాక రాతిని పట్టించమన్నాడు. నేటి ఫిజియోథెరపీలోని క్రమవ్యాయామసూత్రం ఇదే. స్నాయు పునర్నిర్మాణం తరువాత సుమారు తొమ్మిది మాసాలైనా ఆగి, బలపరీక్ష జరిగాకనే ఆటకు తిరిగి వెళ్లమని వైద్యులు చెప్పడంలోని ఆంతర్యమూ ఇదే. నొప్పి తగ్గగానే రాతిని ఎత్తబోయేవారు మట్టిముద్ద దశను దాటవేస్తున్నారు. పలువురి మోకాళ్లు మరల గాయపడడానికి ఈ తొందర కూడా ఒక కారణం.

కనుక శస్త్రమా, బంధనమా అన్నది వైద్యుడు పరీక్షించి నిర్ణయించవలసిన విషయం. ఆ పిమ్మట కాలానికి కాలాన్నివ్వడం, క్రమం తప్పక సాధన చేయడం రోగి ధర్మం. ఈ రెండవ భాగాన్ని ఎంత నిపుణుడైన వైద్యుడైనా మనకు బదులుగా నిర్వర్తించలేడు.