వేలెడు పలకలో ఊపిరితిత్తి

చాలా ఏళ్ళ క్రిందటి మాట. సామాన్యశాస్త్రం చెప్పే మాస్టారు సెలవు పెట్టగా, తెలుగు పండితుడనైన నన్ను ఆ గంటకు ఏడవ తరగతికి పంపినారు. శ్వాసకోశముల పాఠం చదివి వినిపిస్తుండగా వెనుక బల్ల కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, ఊపిరితిత్తిని బయటికి తీసి పెడితే అది ఊపిరి పీలుస్తుందా?" అని అడిగినాడు. కూర్చోమన్నాను. సంధులు, సమాసాలు తప్ప నాకేమి తెలుసు!

దేహం వెలుపల జీవకణాలను బ్రతికించడం పాత విద్యయే. 1907లో రాస్ హారిసన్ అనే అమెరికా శాస్త్రవేత్త, కప్ప పిండం నుండి తీసిన నాడీకణజాలాన్ని వ్రేలాడే శోషరసపు బొట్టులో ఉంచి, నాడీతంతువు పెరగడాన్ని కళ్ళారా చూసినాడు. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి ఇల్లాలి కంతి నుండి, ఆమె అనుమతి లేకుండానే తీసుకొన్న కణాలు నేటికీ ప్రయోగశాలల్లో పెరుగుతూనే ఉన్నాయి. ఆమె ఆ ఏడాదే కన్నుమూసింది. ఆ కథ మరొక టపాకు తగినది.

అయితే పళ్ళెంలో కదలిక లేక పడివున్న కణం తన ధర్మాన్ని మరచిపోతుంది. కాలేయకణమైతే కొద్దిరోజుల్లోనే కాలేయపు పనులు మానుకొంటుంది. పోనీ, జంతువులను నమ్ముదామా? 2006 మార్చిలో లండనులో టీజీఎన్ 1412 అనే మందును ఆరోగ్యవంతులైన ఆరుగురికి ఎక్కించినారు. కోతులకు హాని చేయని మోతాదులో అది 500వ వంతు మాత్రమే. గంటల వ్యవధిలో ఆరుగురూ విషమస్థితికి చేరుకొన్నారు. ప్రాణాలు దక్కడమే గొప్ప.

కుర్రవాడి ప్రశ్నకు కొంత సమాధానం 2010లో హార్వర్డు నుండి వచ్చింది. అక్కడి వీస్ సంస్థలో డాంగియున్ హు, డొనాల్డ్ ఇంగ్బర్ ప్రభృతులు పారదర్శకమైన సిలికాన్ రబ్బరుతో వేలెడంత పలక చేసినారు. చిప్ అంటారు దానిని. మన కొబ్బరిచిప్పతో చుట్టరికం లేదు కనుక నేను పలక అంటున్నాను. లోపల రెండు సన్నని కాలువలు, నడుమ రంధ్రాలున్న పలుచని పొర. పొరకు పైన మనిషి ఊపిరితిత్తి కణాలు, వాటిని తాకుతూ గాలి. క్రింద రక్తనాళపు కణాలు, వాటి ప్రక్కగా పారే ద్రవం. ఇరువైపుల గదుల్లో గాలిని లాగి వదలుతుంటే పొర సాగుతుంది, ముడుచుకొంటుంది. అదే ఉచ్ఛ్వాస నిశ్వాసం!

గాలి వైపు బాక్టీరియాను విడిచి, రక్తం వైపు తెల్లకణాలను పంపితే, అవి పొరను దాటి వచ్చి శత్రువును మ్రింగినాయట. 2012లో వారే మరొక వింత చూపినారు. ఇంటర్‌ల్యూకిన్ 2 అనే కేన్సరు మందు కొందరి ఊపిరితిత్తులలో నీరు చేరుస్తుంది. పలకలోనూ క్రింది ద్రవం పైకి ఊరి గాలి కాలువలో నిండింది. పొరను కదలకుండా ఉంచితే ఆ ఊట తక్కువ; ఊపిరి ఆడిస్తే ఎక్కువ. ప్రాణం నిలిపే శ్వాసయే అక్కడ రోగాన్ని పెంచుతున్నదన్నమాట. నిశ్చలమైన పళ్ళెం ఈ సంగతి ఎన్నడు చెప్పగలదు?

తరువాతి కథ వేగంగా నడిచింది. 2022లో ఎమ్యులేట్ సంస్థవారు 870 కాలేయపలకలపై 27 మందులను పరీక్షించి, కాలేయాన్ని చెరిచేవాటిలో 87 శాతాన్ని పట్టుకొన్నామని ప్రకటించినారు. పలకలు అమ్మేవారూ వారే కనుక ఇతరులూ పరీక్షించి చూడవలసిన మాట ఇది. ఆ ఏడాది చివర అమెరికా, మందులకు జంతుపరీక్ష తప్పనిసరి అన్న నిబంధనను చట్టం నుండి తొలగించింది. 2023 మార్చిలో మన దేశపు నియమాలలోనూ ఈ పలకలకు చోటు దొరికింది.

చిక్కులు లేకపోలేదు. కొత్తకుండ నీళ్ళు పీల్చినట్లు ఆ రబ్బరు కొన్ని మందులను తానే పీల్చుకొంటుంది. అప్పుడు కణానికి అందినదెంతో తేల్చడం కష్టం. ఒక పలక ఒక్క అవయవమే కాని మనిషి కాదు. అందుకని ఊపిరితిత్తి, కాలేయం, మూత్రపిండం పలకలను కాలువలతో కలిపి చూస్తున్నారు.

ఆ కుర్రవాడికిప్పుడు నలభై దాటి ఉంటాయి. ఎక్కడ ఉన్నాడో! కనబడితే చెప్పాలి: ఊరికే బయట పెడితే పీల్చదు నాయనా, మనమే పీల్పించాలి.