కార్వేటినగరం పదాల నుంచి వహీదా రెహమాన్ దాకా

పుత్తూరు దాటి కొండల నడుమ కొంత దూరం వెళ్తే కార్వేటినగరం వస్తుంది. ఈనాడు అది చిత్తూరు జిల్లాలో ఒక మండల కేంద్రం. ఒకప్పుడు ఉత్తర ఆర్కాటు సీమలో పేరుమోసిన సంస్థానం. కోనేరు, కోట ఆనవాళ్లు, వేణుగోపాలస్వామి గుడి ఆ వైభవానికి మిగిలిన గుర్తులు. అయితే ఈ ఊరు తెలుగువాళ్లకు ఇచ్చిన ఆస్తి రాతి కట్టడాల్లో లేదు, సారంగపాణి పదాల్లో ఉంది. 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదట మాకరాజు వంశీకుల కొలువులో ఉన్న ఈ వాగ్గేయకారుడు వేణుగోపాల ముద్రతో పదాలు కట్టాడు. తిరుపతి కొండ కింద అన్నమయ్య 15వ శతాబ్దంలో తీర్చిన శృంగార సంకీర్తన బాట, 17వ శతాబ్దంలో మువ్వగోపాల పదాలతో క్షేత్రయ్య దేశమంతా నడిచిన బాట, ఈ రెండూ కార్వేటినగరంలో కలిశాయంటే తప్పులేదు. సారంగపాణి ప్రత్యేకత ఏమిటంటే, ఆయన నాయిక చాలాసార్లు ఇరుగుపొరుగు ఆడమనిషిలా మాట్లాడుతుంది, ఎత్తిపొడుస్తుంది, గదమాయిస్తుంది. ఈ సీమ వాడుక మాట పదకవితలోకి అంత ధీమాగా నడిచి రావడం అరుదైన సంగతి. తర్వాతి కాలంలో గోవిందసామయ్య, కూవనసామయ్య సోదరులు ఇక్కడి కొలువులోనే వర్ణాలు రచించి, నాట్య కచేరీకి అవసరమైన సామగ్రిని మరింత పెంచారు.

పదం రాసినవాడి పేరు చరిత్రలో నిలిచింది. దాన్ని పాడి, ఆడి, తరం నుంచి తరానికి అందించిన ఆడవాళ్ల పేర్లు చాలావరకు నిలవలేదు. పదం పుస్తకంలో సగమే ఉంటుంది. మిగతా సగం కనురెప్పలో, మెడ వాలులో, ఒకే పల్లవిని పదిసార్లు పాడుతూ ప్రతిసారీ కొత్త భావం చూపే అభినయంలో ఉంటుంది. ఆ సగాన్ని కాపాడినవాళ్లు దేవదాసీలు, రాజనర్తకులు, వాళ్లకు తాళం పట్టిన నట్టువనార్లు. గుడిలో వాళ్లకు హారతి పళ్లెం పట్టుకునే హక్కు ఉండేది, కొలువులో మాన్యాలు ఉండేవి. అదే సమయంలో ఊరి మర్యాదస్తుల గడపల్లో వాళ్లకు చోటుండేది కాదు. కళ్లప్పగించి చూసిన సమాజమే కంటగించుకుంది. ఈ ద్వంద్వమే ఆ తర్వాత రెండు వందల ఏళ్ల కథకు మూలం.

19వ శతాబ్దం ముగిసేనాటికి రాజాశ్రయాలు సన్నగిల్లాయి. 1890లలో మద్రాసులో మేజువాణీలకు వ్యతిరేకంగా ఉద్యమం లేచింది. మన ప్రాంతాల్లో కందుకూరి వీరేశలింగం అదే పోరు సాగించారు. ఆడపిల్లల్ని దేవుడి పేరుతో అంకితమిచ్చి బతుకు బుగ్గి చేసే ఆచారం పోవలసిందే. ఆ విషయంలో సంస్కర్తల పక్షాన నిలబడకుండా ఉండలేం. కానీ ఆచారంతో పాటు దాని చేతుల్లో ఉన్న విద్యను కూడా నిందితుల బోనులో నిలబెట్టారు. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని అచ్చువేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. 1947లో ఆ నిషేధం తొలగింది. అదే ఏడాది, ముత్తులక్ష్మీరెడ్డి ఏళ్ల తరబడి చేసిన కృషి ఫలించి, మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ అంకితాల నిషేధ చట్టం వచ్చింది. ఈలోగా 1935లో రుక్మిణీదేవి అరండేల్ అడయారులో గజ్జె కట్టారు, 1936లో కళాక్షేత్రానికి పునాది వేశారు. నాట్యం మర్యాదస్తుల ఇళ్లలోకి వచ్చింది. దాన్ని అంతవరకు మోసినవాళ్లలో చాలామంది మాత్రం బయటే ఉండిపోయారు.

సరిగ్గా ఆ మలుపులో సినిమా పెద్ద కొలువుగా అవతరించింది. 1948లో జెమినీ వాసన్ చంద్రలేఖ తీసి, మద్రాసు నాట్యానికి ఉత్తరాదిలో గిరాకీ ఉందని రుజువు చేశారు. వళువూర్ రామయ్య పిళ్లై శిష్యురాలు వైజయంతిమాల 1951లో బహార్‌తో బొంబాయి వెళ్లి, దక్షిణాది నర్తకికి హిందీ తెర మీద రాజమార్గం వేశారు. ఆ మార్గాన వెళ్లి, అందులో ఎవరూ చేరని లోతులకు చేరిన నటి వహీదా రెహమాన్.

చిత్తూరు జిల్లా సరిహద్దు దాటగానే వచ్చేది అప్పటి చెంగల్పట్టు జిల్లా. ఆ చెంగల్పట్టులోనే 1938 ఫిబ్రవరి 3న వహీదా పుట్టారు. తండ్రి ప్రభుత్వాధికారి. ఆయన ఉద్యోగంతో పాటు కుటుంబం ఊళ్లు మారింది, విశాఖపట్నంలోనూ ఉంది. ఆమె, అక్క సయీదా చిన్ననాటి నుంచే భరతనాట్యం నేర్చుకున్నారు. మద్రాసులో తిరుచెందూర్ మీనాక్షిసుందరం పిళ్లై దగ్గరికి వెళ్తే, ముస్లిం పిల్లకు నేర్పడానికి ఆయన మొదట వెనకాడారట. జాతకం తెమ్మన్నారు. ఆ ఇంట జాతకం రాయించే అలవాటు లేదు. చివరకు గురువే పుట్టిన వేళ అడిగి జాతకం వేసుకుని, తృప్తిపడి శిష్యురాలిగా స్వీకరించారని వహీదా ఎన్నోసార్లు చెప్పారు. నాట్యం గుడి గోడలూ కులం గోడలూ దాటుతున్న కాలానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. తండ్రి 1951లో పోయారు. తల్లి ఆరోగ్యం అంతంతమాత్రం. ఇల్లు నడవాలంటే నేర్చిన విద్యే దిక్కయింది.

అప్పుడు వచ్చింది రోజులు మారాయి. 1955లో తాపీ చాణక్య దర్శకత్వంలో సారథి వారు తీసిన ఆ చిత్రం భూమి దున్నేవాడి పక్షాన నిలిచింది. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చి, కార్వేటినగరం వంటి పాత కొలువుల కథ ముగిసిన కొన్నేళ్లకే అది తెరకెక్కింది. కొసరాజు రాసి, మాస్టర్ వేణు బాణీ కట్టి, జిక్కి పాడిన ఏరువాక పాటకు పదిహేడేళ్ల వహీదా ఆడారు. కొలువులో రాజు కోసం ఆడిన నాట్యం పోయి, ఏరువాక సాగే రైతు కోసం ఆడే నాట్యం వచ్చింది. పాట ఊరూరా మోగింది. అదే ఏడాది ఎన్టీఆర్‌తో జయసింహలో వేషం దొరికింది. హైదరాబాదు వచ్చిన హిందీ దర్శకుడు గురుదత్ కంట ఈ అమ్మాయి పడింది. బొంబాయి నుంచి పిలుపొచ్చింది. 1960లో బంబయీ కా బాబూ చిత్రానికి ఎస్.డి.బర్మన్ ఆ ఏరువాక బాణీనే వాడుకున్నారు. తెలుగు పొలం గట్టు మీది పాట ఆమె వెనకే బొంబాయి చేరిందన్నమాట.

పేరు మార్చుకోమని బొంబాయిలో అడిగితే ఆమె ఒప్పుకోలేదు. తనకు నచ్చని దుస్తులు వేసుకోనన్న షరతు ఒప్పందంలో రాయించుకున్నారు. అప్పటికి ఆమె ఇంకా కొత్త నటి. వెనక డబ్బూ లేదు, అండా లేదు. 1956లో సీఐడీ, 1957లో ప్యాసా, 1959లో మన దేశపు తొలి సినిమాస్కోప్ చిత్రం కాగజ్ కే ఫూల్, 1960లో చౌద్‌వీ కా చాంద్, 1962లో సాహిబ్ బీబీ ఔర్ గులామ్ వరుసగా వచ్చాయి. గురుదత్ చిత్రాల్లో ఆమె నాట్యం కంటే అభినయమే ఎక్కువ. పదం పట్టిన నర్తకి ఎక్కడ ఆగాలో ఎరుగుతుంది. ఒక చూపును ఎంతసేపు నిలపాలో, ఎప్పుడు రెప్ప వాల్చాలో ఆమెకు తెలుసు. ప్యాసాలో మేడ మెట్ల మీద ఆమె నడకను చూస్తే ఆ శిక్షణ కనిపిస్తుంది.

ఆమె మహోన్నత పాత్రలను వరుసగా పేర్చి చూస్తే నాకు మరో సంగతి తోస్తుంది. ప్యాసాలో గులాబో వీధి వేశ్య. సత్యజిత్ రాయ్ అభిజాన్ (1962)లో గులాబీ మగవాళ్ల చేతుల్లో అమ్ముడుపోయిన పల్లెటూరి స్త్రీ. ముఝే జీనే దో (1963)లో చమేలీ పాటకత్తె. తీస్రీ కసమ్ (1966)లో హీరాబాయి నౌటంకీ ఆటకత్తె. వీళ్లందరూ సమాజం చూసి ఆనందించి, పక్కన కూర్చోబెట్టుకోవడానికి వెనకాడిన స్త్రీలే. కార్వేటినగరంలో పదాలు పాడిన పేరులేని ఆడవాళ్ల బంధువులే వాళ్లు. వహీదా వాళ్లను జాలి కోసం నటించలేదు, నిటారుగా నిలబెట్టారు.

ఈ వరుసకు శిఖరం 1965 నాటి గైడ్. ఆర్.కె.నారాయణ్ 1958లో రాసిన నవలలో రోజీ దేవదాసి ఇంట పుట్టింది, ఎం.ఏ. చదివింది, నాట్యాన్ని చీదరించుకునే పండితుణ్ణి పెళ్లాడింది. చట్టం వచ్చి ఆచారం పోయాక ఆ ఇళ్లలో పుట్టిన పిల్లల బతుకు ఏమైందన్న ప్రశ్న ఆ పాత్రలో ఉంది. చదువు గౌరవం ఇచ్చింది, పెళ్లి కులీనతను ఇచ్చింది, రెండూ కలిసి గజ్జెలను లాగేసుకున్నాయి. చిత్ర దర్శకుడు విజయ్ ఆనంద్ కథను దక్షిణాది మాల్గుడి నుంచి రాజస్థాన్‌కు తరలించారు. నవలాకారుడికి ఆ మార్పులు నచ్చలేదు. ఆయన అసంతృప్తిలో న్యాయముంది, ఎందుకంటే రోజీ వేరు ఈ దక్షిణ నేలలోనే ఉంది. అయినా ఆ వేరు తెర మీద తెగిపోకుండా కాపాడింది వహీదాయే. గజ్జెలు తిరిగి కట్టుకున్న రోజీ ముఖంలోని విడుదల, పాముల బస్తీలో ఆడిన ఆటలోని పూనకం, కీర్తి వచ్చాక కళ్లలో చేరిన అలసట, ఈ మూడూ ఒకే పదంలోని మూడు చరణాల్లా సాగుతాయి. హీరాలాల్, సోహన్‌లాల్ సోదరులు కూర్చిన నృత్యాలు హిందీ తెరకు కొలమానమయ్యాయి. ఈ పాత్రకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి పురస్కారం ఆమెకు దక్కింది.

తర్వాతి ప్రయాణాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. నీల్ కమల్‌కు మరో ఫిల్మ్‌ఫేర్, రేష్మా ఔర్ షేరా (1971)కు జాతీయ పురస్కారం, 1972లో పద్మశ్రీ. 1974లో వివాహం, బెంగళూరు కాపురం, తల్లి పాత్రలు. తెలుగును ఆమె మరచిపోలేదు. అక్కినేనితో బంగారు కలలు (1974), కృష్ణ సింహాసనం (1986), చుక్కల్లో చంద్రుడు (2006)లో కనిపించారు. 2011లో పద్మభూషణ్ వచ్చింది. 2021 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని 2023లో ఆమెకు ప్రకటించారు.

ఆమె వెనక ఆ బాటలో ఎందరో నడిచారు. 1965లో మన పాండవ వనవాసంలో ఆడిన హేమమాలిని 1968లో హిందీకి వెళ్లారు. తెలుగు నటి పుష్పవల్లి కూతురు రేఖ 1981లో ఉమ్రావ్ జాన్‌గా, మళ్లీ ఒక పాటకత్తె పాత్రతోనే జాతీయ పురస్కారం అందుకున్నారు. రాజమండ్రి అమ్మాయి జయప్రద సిరిసిరిమువ్వలో ఆడిన మూగ నర్తకి పాత్రను 1979లో సర్గమ్‌తో హిందీలో మళ్లీ పోషించారు. ఇక శ్రీదేవి శివకాశి దగ్గర పుట్టినా, తల్లి రాజేశ్వరిది తిరుపతి. చాందినీ (1989), లమ్హే (1991) చిత్రాల్లో వహీదా, శ్రీదేవి కలిసి నటించారు. చెంగల్పట్టులో పుట్టిన పెద్దావిడ, తిరుపతి తల్లి బిడ్డ ఒకే తెర మీద నిలిచిన ఆ దృశ్యాలను మన ప్రాంతంవాళ్లు ఈ కంటితో చూశారో లేదో!

సారంగపాణి కాలంలో ఆడినామె పేరు ఎవరూ రాసుకోలేదు. వహీదా తన పేరును ఒక్క అక్షరం మార్చడానికి ఒప్పుకోలేదు. ఈ రెంటి మధ్య నర్తకి సాధించినది తన పేరు మీద తన హక్కు. నేను చెప్పదలచినది ఈ ఒక్క మాటే.

కార్వేటినగరం వేణుగోపాలుడి గుడి నేడు తిరుమల తిరుపతి దేవస్థానం నిర్వహణలో ఉంది. దేవస్థానానికి తిరుపతిలో సంగీత నృత్య కళాశాల ఉంది. అన్నమయ్య కీర్తనలకు ఆ సంస్థ చేసిన సేవ లోకానికి తెలిసిందే. సారంగపాణికి కూడా ఆ శ్రద్ధలో ఒక వాటా దక్కాలి. ఏటా బ్రహ్మోత్సవాల్లో ఒక సాయంత్రం ఆయన పదాలకే కేటాయించి, పుత్తూరు, నగరి, చిత్తూరు పిల్లల చేత ఆడించాలి. ఆడిన ప్రతి పిల్ల పేరునూ, నేర్పిన ప్రతి గురువు పేరునూ గుడి రికార్డులో రాయించాలి.