ఇంటి సామానుతోనే అక్షరాలు, అంకెలు

(మూడు నుంచి ఏడేళ్ల పిల్లలున్న ఇళ్లకు)

మన పిల్లలు ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు. అదే తెలుగు కాగితం మీద కనిపిస్తే మాత్రం ఆగిపోతారు. తమిళనాడులో 2006 చట్టం వచ్చాక ఒకటో తరగతి నుంచే తమిళం తప్పనిసరి అయింది, ఇంగ్లీషు ఎలాగూ ఉంది. ఇక తెలుగు చదవడానికి మిగిలే సమయం కొంచెమే. ఆ లోటు కొంతైనా ఇంట్లో తీరాలి. దానికి ట్యూషన్ అక్కర్లేదు. రోజుకు పావుగంట, చేత్తో పట్టుకోవడానికి ఏదో ఒక వస్తువు ఉంటే చాలు.

చేత్తో తడిమి నేర్చుకోవడం కొత్త సంగతేమీ కాదు. ఇసుకలో వేలితో దిద్దించడం మన పాత వీధిబడుల్లో ఉన్నదే. గరుకు కాగితంతో అక్షరాలు చేసి పిల్లల చేత తడిమించిన మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ కూడా ఇచ్చారు.

ఇసుక అక్షరాలు

పాత పెళ్లి పత్రిక వెనక అరచేతంత అక్షరం రాయండి. గీత మీద జిగురు పూసి, జల్లించిన ఇసుక చల్లి, రాత్రంతా ఆరనిచ్చి దులపండి. రవ్వతోనూ చేయొచ్చు గానీ పురుగు పడుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడ ఒక ఎర్ర చుక్క పెట్టండి. పిల్లలు చూపుడు వేలితో, రాసే వరసలోనే తడుముతూ శబ్దం పైకి అనాలి.

అ, ఆ నుంచి వరసగా మొదలుపెట్టాలని పట్టు పట్టొద్దు. ప, ల, క, త అనే నాలుగు అక్షరాలు ముందు చేయండి. అవి వస్తే పలక, తల, కల, కలప అన్నీ చదివేస్తారు. మొదటి వారంలోనే ఒక మాట సొంతంగా చదివిన పిల్లలు మిగతా అక్షరాలు తామే అడుగుతారు. వర్ణమాల వరస తర్వాత పాటలా వచ్చేస్తుంది.

తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకే మన పిల్లలు రాసేటప్పుడు క, గ తారుమారు చేస్తుంటారు. రెండు పళ్లేలు పెట్టి ఒకదాంట్లో క, రెండో దాంట్లో గ కార్డు ఉంచండి. గరిటె, గవ్వ, గాజు, కప్పు, కవరు, కాగితం తెచ్చి ఇచ్చి, పేరు పైకి చెబుతూ ఏది ఎందులోకో వాళ్లనే వేయమనండి. కన్నడం కూడా చదివే పిల్లలకు గందరగోళం వేరు: రెండు లిపులూ అక్కచెల్లెళ్లు. వాళ్లకు ఒకే శబ్దానికి రెండు లిపుల కార్డులు రాసి జత కలిపే ఆట పెట్టండి. త, చ, శ తో మొదలుపెడితే తేడా బాగా తెలుస్తుంది.

గుణింతాలు

తెలుగులో గుడి ఇస్తే తలకట్టు పోతుంది. పిల్లలు తికమకపడేది ఇక్కడే. పాత ప్లాస్టిక్ ఫైలు కవరు చిన్న ముక్కలుగా కత్తిరించి, ఒక్కో దాని మీద తలకట్టు, గుడి, గుడిదీర్ఘం మార్కర్‌తో రాయండి. అట్ట మీద తలకట్టు లేని ప, స రాయండి. పైన ముక్క మారుస్తుంటే ప, పి, పీ కళ్లముందే మారతాయి. కొమ్ము దగ్గరకొచ్చేసరికి పు, సు ఒకేలా ఉండవు కాబట్టి దాన్ని కొన్నాళ్లు ఆపండి.

పదుల కట్టలు

చీపురు పుల్లలు ఒకే పొడవుకు విరిచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేయండి. రెండు కట్టలు, మూడు పుల్లలు అంటే ఇరవై మూడు. తెలుగులో ఇరవై దాటాక మాటే లెక్క చెప్పేస్తుంది, ముందు పదులు, తర్వాత ఒకట్లు. మరాఠీలో ఒకట్లు ముందొస్తాయి. అందుకే షోలాపూరు వైపు మన పిల్లలకు ఈ లెక్క తెలుగులో చెబితే తేలిగ్గా అందుతుంది. పదకొండు నుంచి పందొమ్మిది వరకు మాత్రం పేర్లు కాస్త వంకర, అక్కడ తొందరపెట్టొద్దు.

ముప్పై గుడ్ల అట్ట ట్రే ఉంటే మూడు ముక్కలు చేయండి, ఒక్కో దాంట్లో అయిదేసి గుంటలు రెండు వరసలు. ఏడు చింతపిక్కలు వేసి, "పదికి ఇంకెన్ని కావాలి?" అని అడగండి. ఖాళీ గుంటలే జవాబు చెబుతాయి. అవ్వకు వామనగుంటలు వచ్చి ఉంటే ఇంకా మంచిది, కూడిక నేర్పే పని ఆవిడకే వదిలేయండి.

జాగ్రత్త: ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే పిక్కలు, గవ్వలు నేల మీద వదలొద్దు. నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. ఆట అవగానే లెక్కపెట్టి డబ్బాలో వేయాలి, ఆ లెక్క కూడా పిల్లల చేతే చేయించండి.

ఆడేటప్పుడు మీ ఇంట్లో వాడే మాటే వాడండి. చింతపిక్క అన్నా, చింతగింజ అన్నా ఫరవాలేదు. పుస్తకం మాట బడిలో చెబుతాం.

పాత పెళ్లి పత్రికలు, గుడ్ల ట్రేలు ఉంటే పారేయకుండా పిల్లల చేత ఒకటో తరగతి టీచరుగారికి పంపండి.